జ్వరం తగ్గింది, వైరస్ పోయిందా?
గర్భిణులకు జికా సోకితే ఎక్కువ వారాలు ఎందుకు కనిపెట్టి ఉండాలి



వానాకాలం మొదలైందంటే హనుమకొండలో ఏ ఆసుపత్రి ఓపీలో చూసినా జ్వరాల వరుసే కనబడుతుంది. ఆ వరుసలో నాలుగో నెల, ఐదో నెల గర్భిణులు కూడా నిలబడతారు. మందులిచ్చి, రక్తపరీక్ష చేసి, వారం తర్వాత మళ్ళీ రమ్మని చెబుతాం. చాలామంది రారు. తర్వాత ఎప్పుడో కనబడినప్పుడు అడిగితే, "జ్వరం తగ్గింది గద సిస్టరమ్మా, మళ్ళెందుకు వచ్చుడు?" అంటారు. వారిది తప్పని అనలేం. జ్వరం పోతే జబ్బు పోయినట్టే అని మన పెద్దల కాలం నుండి అనుకుంటున్నాం. చాలా జ్వరాల విషయంలో అది నిజమే.

దోమ ద్వారా వచ్చే ఒక జబ్బు విషయంలో మాత్రం, అదీ గర్భిణి విషయంలో, ఈ లెక్క సరిపోదు. దాని పేరు జికా. జ్వరం మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. వైరస్ ఆనవాళ్ళు మాత్రం కొందరు గర్భిణుల రక్తంలో వారాల తరబడి ఉండిపోతాయి. ఎందుకు అలా జరుగుతుంది, దానివల్ల మనం ఏమి చేయాలి అన్నదే ఈ నెల పాఠం. గర్భిణులు, వారి అత్తమ్మలు, తల్లులు, భర్తలు, ఆశ కార్యకర్తలు, మా దగ్గర చదువుకుంటున్న నర్సింగ్ విద్యార్థినులు అందరూ చదవాలని కోరుతున్నాం.

జికా అంటే ఏమిటి?

జికా ఒక వైరస్. 1947లో ఉగాండా దేశంలోని జికా అనే అడవిలో ఒక కోతి రక్తంలో దీన్ని మొదట కనుగొన్నారు. అందుకే ఆ పేరు వచ్చింది. దీన్ని మోసుకొచ్చేది డెంగీని, చికున్‌గున్యాను మోసుకొచ్చే ఏడిస్ దోమే. కాళ్ళ మీద, ఒంటి మీద తెల్లని చారలుండే దోమ అది. పగటిపూట కుడుతుంది.

జికా సోకినవారిలో ఐదుగురిలో నలుగురికి ఏ లక్షణమూ కనబడదు. కనబడినవారికి కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద ఎర్రని దద్దుర్లు, కళ్ళు ఎర్రబడటం, కీళ్ళ నొప్పులు, తలనొప్పి వస్తాయి. రెండు రోజుల నుండి వారం రోజుల్లో అవే తగ్గిపోతాయి. పెద్దవారికి దీనితో ప్రాణాపాయం చాలా అరుదు. అందువల్లనే చాలా ఏళ్ళు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

2015లో బ్రెజిల్ దేశంలో పరిస్థితి మారింది. అక్కడి ఈశాన్య ప్రాంతంలో తల చిన్నదిగా, మెదడు సరిగా ఎదగకుండా పుడుతున్న పిల్లల సంఖ్య ఉన్నట్టుండి పెరిగింది. తల్లులు గర్భంతో ఉన్నప్పుడు సోకిన జికాయే కారణమని తర్వాత తేలింది. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ఆ ప్రకటనను ఎత్తివేసినా, జబ్బు మాత్రం పోలేదు.

మన దేశంలో ఉందా?

ఉంది. 2017లో గుజరాత్‌లోని అహ్మదాబాద్ కేసులు బయటికి వచ్చాయి. వాటిలో గర్భిణి, బాలింత కూడా ఉన్నారు. 2018లో రాజస్థాన్‌లోని జైపూర్‌లో 150 మందికి పైగా సోకితే, వారిలో 60 మందికి పైగా గర్భిణులే. 2021 జూలైలో కేరళలో మొదట గుర్తించినది తిరువనంతపురం జిల్లాకు చెందిన ఒక నిండు గర్భిణిలో. అదే ఏడాది చివర కాన్పూర్‌లో వచ్చింది. 2024లో పుణె నగరం, ఆ చుట్టుపక్కల 100 మందికి పైగా సోకింది. వారిలోనూ గర్భిణులు ఎక్కువగానే ఉన్నారు.

ఇదంతా ఎక్కడో దూరాన అనుకోకండి. 2021లో జ్వరపీడితుల నుండి సేకరించిన నమూనాలను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించినప్పుడు, జికా బయటపడిన రాష్ట్రాల్లో మన తెలంగాణ కూడా ఉంది. 2022 డిసెంబరులో మన సరిహద్దునే ఉన్న కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఒక ఐదేళ్ళ పాపకు జికా నిర్ధారణ అయింది. దోమ మన ఇంట్లోనే ఉంది. డెంగీ ప్రతి ఏటా వస్తూనే ఉంది. జికా వైరస్ ఒక్కటి ఊళ్ళోకి వస్తే వ్యాపించడానికి కావలసినవన్నీ ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి.

మామూలు మనిషిలో ఎన్ని రోజులు, గర్భిణిలో ఎన్ని రోజులు?

వైరస్ ఒంట్లోకి వెళ్ళాక రక్తంలో పెరుగుతుంది. మన శరీరం దానికి విరుగుడు తయారుచేసుకొని దాన్ని తరిమేస్తుంది. మామూలు మనుషుల్లో జికా ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో రక్తం నుండి తొలగిపోతుంది. కొందరిలో ఇంకొంచెం ఎక్కువ రోజులు పడుతుంది.

గర్భిణుల్లో చూసినది వేరు. 2016లో వైద్యులు ప్రచురించిన ఒక కేసును ఇక్కడ చెబుతాం. ఫిన్లాండ్ దేశానికి చెందిన 33 ఏళ్ళ గర్భిణి, 11వ వారంలో మెక్సికో, గ్వాటెమాల, బెలీజ్ దేశాలకు ప్రయాణం చేసింది. తిరిగి వచ్చాక కొద్దిపాటి జ్వరం, దద్దుర్లు వచ్చి తగ్గిపోయాయి. నాలుగు వారాల తర్వాత రక్తం పరీక్షిస్తే వైరస్ ఉంది. పది వారాల తర్వాత చూసినా ఉంది. ఆ మధ్యలో 13, 16, 17 వారాల్లో తీసిన స్కానింగుల్లో బిడ్డ తల చిన్నదైన గుర్తులేవీ కనబడలేదు. 19, 20 వారాలకు వచ్చేసరికి బిడ్డ మెదడులో తేడాలు బయటపడ్డాయి. 21వ వారంలో గర్భాన్ని తొలగించారు. బిడ్డ మెదడులో వైరస్ దొరికింది. ఆ తర్వాత తల్లి రక్తంలో వైరస్ కనబడలేదు.

ఇది ఒక్కరి సంగతి కాదు. అదే ఏడాది అమెరికాలో నమోదైన ఐదుగురు గర్భిణుల వివరాలు వచ్చాయి. లక్షణాలు ఉన్నవారిలో జ్వరం మొదలైన 46 రోజుల వరకు వైరస్ ఆనవాళ్ళు కనబడ్డాయి. లక్షణాలు లేని ఒకామెలో ప్రయాణం ముగిసిన 53 రోజుల తర్వాత కూడా కనబడ్డాయి. స్పెయిన్‌లో ఒక గర్భిణిలో 100 రోజులు దాటినా కనబడ్డాయి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు కోతుల మీద చూసినప్పుడు, గర్భం లేని కోతుల రక్తం నుండి వైరస్ సుమారు పది రోజుల్లో పోయింది. గర్భంతో ఉన్న కోతిలో 50 రోజులు దాటి నిలిచింది.

ఎందుకు ఇలా నిలిచిపోతుంది?

తల్లికి, బిడ్డకు మధ్య మాయ ఉంటుంది. తల్లి రక్తంలోని ఆహారాన్ని, ప్రాణవాయువును బిడ్డకు అందిస్తూ, చాలా రకాల క్రిములను అడ్డుకునేది అదే. జికా వైరస్ మాత్రం ఆ మాయ కణాల్లోనే చేరి పెరగగలదు. అక్కడి నుండి బిడ్డలోకి వెళుతుంది. కడుపులోని బిడ్డకు వైరస్‌ను తరిమేసే శక్తి ఇంకా రాలేదు. ముఖ్యంగా పెరుగుతున్న మెదడు కణాలంటే ఈ వైరస్‌కు అనుకూలమైన చోటు.

తల్లి తన రక్తంలోని వైరస్‌ను తరిమేసినా, మాయ నుండి, బిడ్డ నుండి అది మళ్ళీ మళ్ళీ తల్లి రక్తంలోకి వస్తూ ఉంటుందని వైద్యులు భావిస్తున్నారు. బావిలో నీరు తోడేసినా ఊట ఉన్నంతకాలం మళ్ళీ నీరు చేరినట్టు అన్నమాట. ఫిన్లాండ్ తల్లిలో గర్భం పోయాక వైరస్ కూడా పోవడం ఈ ఆలోచనకు బలమిస్తోంది. గర్భంలోని బిడ్డను తిరస్కరించకుండా ఉండేందుకు తల్లి శరీరం తన రోగనిరోధక శక్తిని కొంత సర్దుకుంటుంది. అది కూడా ఒక కారణం కావచ్చని అంటారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పరీక్షలో కనబడేది వైరస్ జన్యు పదార్థం. అది కనబడినంత మాత్రాన వైరస్ బతికే ఉంది, ఇతరులకు అంటుతుంది అని కాదు. అలాగే రక్తంలో వైరస్ ఎక్కువ రోజులు ఉన్న ప్రతి తల్లికీ బిడ్డలో లోపం వస్తుందనీ కాదు. అమెరికాలో నమోదైన ఆ ఐదుగురిలో ఆరోగ్యంగా పుట్టిన పిల్లలు ఉన్నారు. ఎక్కువ రోజులు కనబడటం అనేది "ఈ తల్లినీ బిడ్డనూ ఇంకా గమనించండి" అని మనకు చెప్పే గుర్తు.

పరీక్షల గురించి తెలుసుకోవలసినవి

జికాకు చేసే ముఖ్యమైన పరీక్ష ఆర్‌టీ-పీసీఆర్. కరోనా కాలంలో ఈ పేరు అందరికీ తెలిసిపోయింది. జికాకు రక్తం, మూత్రం రెండూ తీస్తారు. ఈ పరీక్ష ప్రతి చిన్న ల్యాబులో జరగదు. డాక్టరుగారికి అనుమానం వస్తే జిల్లా వైద్యాధికారుల ద్వారా నమూనా పంపుతారు.

మొదటిది: నమూనా జ్వరం వచ్చిన మొదటి వారంలోనే ఇవ్వడం మంచిది. ఆలస్యమైంది కదా అని గర్భిణిని వెనక్కి పంపకూడదు. వైరస్ ఎక్కువ కాలం నిలిచే అవకాశం ఉంది కాబట్టే, లక్షణాలున్న గర్భిణికి 12 వారాల వరకు పరీక్ష చేయవచ్చని అమెరికా సీడీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

రెండవది: పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన సోకలేదని ఖాయంగా చెప్పలేం. నమూనా తీసే రోజుకు రక్తంలో వైరస్ తగ్గిపోయి ఉండవచ్చు.

మూడవది: డెంగీ పరీక్ష జికాను చెప్పదు. పైగా డెంగీ వచ్చి తగ్గినవారు మన దగ్గర ఎందరో ఉన్నారు. జికాకు చేసే ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్షకు డెంగీ యాంటీబాడీలు కూడా స్పందించి తికమక పెడతాయి. ఆ కాగితం ఒక్కటే చూసుకొని ఇంట్లోవాళ్ళు నిర్ణయాలు తీసుకోవద్దు.

ఒక్క స్కానింగుతో సరిపోదు

ఫిన్లాండ్ తల్లికి మూడు స్కానింగుల్లో తేడా కనబడక, ఆ తర్వాత కనబడింది. అందుకే జికా నిర్ధారణ అయిన గర్భిణికి మూడు నాలుగు వారాలకు ఒకసారి స్కానింగు చేసి బిడ్డ తల కొలత, మెదడు ఎదుగుదల చూస్తారు. ఒక్కసారి బాగుందని రాగానే ఆపేయకూడదు. 2024 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన సూచనల్లో కూడా ఇదే ఉంది. గర్భిణులకు పరీక్షలు చేయాలి, సోకినవారి బిడ్డ ఎదుగుదలను కనిపెట్టి ఉండాలి అని చెప్పారు.

స్కానింగుకు డబ్బులు, బస్సు చార్జీలు, కూలి పోవడం, అన్నీ మాకు తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చేస్తారు. వీలు కాకపోతే మాతో చెప్పండి. రాకుండా మాత్రం ఉండకండి.

భయపడవలసినది ఎంత?

గర్భంతో ఉండగా జికా సోకిన తల్లులకు పుట్టిన పిల్లల్లో నూటికి 5 నుండి 15 మందికి ఏదో ఒక ఇబ్బంది కనబడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదటి మూడు నెలల్లో సోకితే ప్రమాదం ఎక్కువ. కానీ తర్వాత సోకినా ప్రమాదం అసలు లేదని చెప్పలేం. నూటికి 85 మందికి పైగా పిల్లలకు ఆ ఇబ్బందులు లేవన్నది కూడా అదే లెక్కలో ఉంది. అది కూడా తల్లికి చెప్పాలి.

జికా అన్న మాట వినగానే "గర్భం తీసేయండి" అని పరుగెత్తుకొచ్చే కుటుంబాలు ఉండవచ్చు. కోడలిని నిందించే ఇళ్ళూ ఉండవచ్చు. దోమ కుట్టడం ఎవరి తప్పూ కాదు. ఏ నిర్ణయమైనా పూర్తి పరీక్షలయ్యాక, ప్రసూతి వైద్యురాలితో కూర్చొని, భార్యాభర్తలిద్దరూ విన్నాక తీసుకోవలసినది. ఆ సమయంలో ఆ తల్లికి కావలసింది పక్కన కూర్చునే మనిషి.

మందు ఉందా?

జికాకు ప్రత్యేకమైన మందు లేదు. వాడుకలో ఉన్న టీకా కూడా లేదు. విశ్రాంతి, బాగా నీళ్ళు, గంజి, మజ్జిగ తాగడం, జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. వాటివల్ల రక్తస్రావం కావచ్చు. గర్భిణులు మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం పూర్తిగా మానాలి.

ఇంకొక హెచ్చరిక. మన ప్రాంతంలో గర్భిణికి జ్వరం వస్తే అది జికా కంటే డెంగీ గానీ, మలేరియా గానీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ అయ్యే అవకాశమే ఎక్కువ. అవి కూడా తల్లికి, బిడ్డకు ప్రమాదమే. అందుచేత గర్భిణికి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. రేపు చూద్దాం అనవద్దు.

తల్లిగారింటికి వెళ్ళేటప్పుడు

మన దగ్గర తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి వెళ్ళడం ఆనవాయితీ. మంచి ఆచారమే. కానీ చికిత్స వరుస తెగిపోయేది ఇక్కడే. మూడో నెలలో అత్తగారి ఊళ్ళో జ్వరం, దద్దుర్లు వస్తాయి. అక్కడి ఆర్‌ఎంపీ దగ్గర మందు తీసుకుంటే తగ్గిపోతుంది. ఏడో నెలలో పిల్ల తల్లిగారింటికి వస్తుంది. అక్కడి సిస్టర్‌కు ఆ జ్వరం సంగతి ఎవరూ చెప్పరు. కాన్పు చేసే డాక్టరుకూ తెలియదు. బిడ్డ తల కొలిచినప్పుడు తేడా ఉంటే, కారణం వెతకడానికి ఆధారం ఉండదు.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. మీకు అంగన్‌వాడీలోనో, ఉపకేంద్రంలోనో ఇచ్చిన మాతా శిశు కార్డు మీద ఈ నాలుగు విషయాలు రాయించుకోండి:

1. జ్వరం ఏ తేదీన వచ్చింది, అప్పటికి ఎన్నో వారం.
2. దద్దుర్లు, ఎర్రని కళ్ళు, కీళ్ళ నొప్పులు ఉన్నాయా, లేవా.
3. ఏ పరీక్షలు చేశారు, ఏమని వచ్చింది.
4. అంతకు ముందు రెండు వారాల్లో ఏ ఊళ్ళకు వెళ్ళారు. భర్త పని మీద పుణె, ముంబయి, సూరత్, భివండి వంటి చోట్ల ఉండి వచ్చారా.

వరంగల్ ప్రాంతం నుండి సూరత్, భివండి మగ్గాల మీద పనికి పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పండుగలకు, పెళ్ళిళ్ళకు వచ్చిపోతుంటారు. అందుకే నాలుగో ప్రశ్న మనకు ముఖ్యం. చదువురాని తల్లులైతే ఆశ కార్యకర్త గానీ, ఏఎన్ఎమ్ గానీ రాసిపెట్టాలి. కార్డును చీరల పెట్టెలో దాచకుండా వెంట తెచ్చుకోవాలి.

జ్వరం తగ్గినా దోమతెర తీయకండి

జ్వరం ఉన్నప్పుడు దోమతెర కట్టి, తగ్గగానే మడిచి అటక మీద పెడతారు. జికా సోకిన గర్భిణి విషయంలో అలా చేయవద్దు. వైరస్ రక్తంలో ఉండగా ఏడిస్ దోమ ఆమెను కుడితే, ఆ వైరస్ దోమలోకి పోయి సుమారు ఎనిమిది నుండి పన్నెండు రోజుల్లో ఇంకొకరికి అంటించే స్థితికి వస్తుంది. అన్ని వారాలూ ఇలా అంటుతుందని చెప్పలేకపోయినా, ఇంట్లో, పక్కింట్లో మరో గర్భిణి ఉండవచ్చు కనుక జాగ్రత్త మంచిది. సోకని గర్భిణి కూడా తొమ్మిది నెలలూ దోమకాటు నుండి కాపాడుకోవాలి.

ఈ దోమ మురికి కాలువలో పెరగదు. కాలువల్లో పెరిగేది వేరే రకం. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగినప్పుడు అందరం నాలా నీళ్ళనే చూశాం. ఏడిస్ దోమ మాత్రం నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. మన ఇంట్లో అది ఉండే చోట్లు ఇవి: మూత లేని హౌజు, గోలెం, డ్రమ్ము, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్ళెం, డాబా మీద పారేసిన టైరు, కొబ్బరి చిప్ప, కోళ్ళకు, కుక్కకు నీళ్ళు పోసే గిన్నె.

• వారానికి ఒకరోజు నీళ్ళన్నీ వంపేసి, ఆరబెట్టి మళ్ళీ నింపాలి. గుడ్డు నుండి దోమ రావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ లోపలే తెంపేయాలి.
• వంపేస్తే చాలదు. గుడ్లు గోడకు అంటుకొని నీళ్ళు లేకున్నా నెలల తరబడి ఉంటాయి. హౌజు లోపలి గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్దాలి.
• నింపిన పాత్రలకు మూత గానీ, గుడ్డ గానీ కట్టాలి.
• గర్భిణి పగలు పడుకున్నా దోమతెర కట్టాలి. ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకోవాలి.
• డీట్ ఉన్న దోమల క్రీము డబ్బా మీద రాసిన ప్రకారం గర్భిణులు కూడా రాసుకోవచ్చు.

భార్యాభర్తలకు

చెప్పడానికి మొహమాటమైనా చెప్పవలసిన మాట. జికా దోమ ద్వారానే కాకుండా, భర్త నుండి భార్యకు దాంపత్య సంబంధం ద్వారా కూడా సోకుతుంది. మగవారి వీర్యంలో వైరస్ నెలల తరబడి ఉండవచ్చు. భర్తకు జికా సోకినా, జికా ఉన్న ప్రాంతం నుండి వచ్చినా, భార్య గర్భిణిగా ఉంటే కాన్పు వరకు దూరంగా ఉండాలి, లేదా నిరోధ్ వాడాలి. పిల్లల కోసం చూస్తున్న దంపతులైతే, సోకిన భర్త మూడు నెలలు, సోకిన భార్య రెండు నెలలు ఆగడం మంచిది.

కాన్పు, ఆ తర్వాత

జికా సోకిన తల్లి ఆసుపత్రిలోనే కాన్పు కావాలి. పుట్టిన వెంటనే, ఒక రోజు లోపల, బిడ్డ తల చుట్టుకొలత టేపుతో కొలిచి రాయాలి. నెలలు నిండిన బిడ్డకు మామూలుగా 33 నుండి 37 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. తల మామూలుగా ఉన్నా, కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి. కొందరు పిల్లల్లో తల ఎదుగుదల పుట్టాక నెమ్మదించడం బ్రెజిల్‌లో చూశారు. కాబట్టి టీకాలకు వచ్చిన ప్రతిసారీ తల కొలవాలి. మెడ నిలుపుతోందా, చూపు నిలుపుతోందా, పిలిస్తే తిరుగుతోందా అని అడగాలి.

చనుబాలు ఆపవద్దు. జికా సోకిన తల్లి కూడా బిడ్డకు పాలివ్వాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మా నర్సింగ్ సిస్టర్లకు ఒక మాట

జ్వరం చార్టులో గీత మామూలుకు దిగగానే సంతోషించడం మనకు అలవాటు. మేము కూడా చాలా ఏళ్ళు కేసు షీటులో "జ్వరం లేదు, ఇంటికి పంపడమైనది" అని రాసి, అంతటితో మన పని అయిందనుకున్నాం. మళ్ళీ రాని గర్భిణి ఏమైందో రిజిస్టరు తిరగేసి చూసుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు ఈ సంగతులు తెలిశాక ఆ అలవాటు మార్చుకోవాలి. గర్భిణికి జ్వరం తగ్గిన రోజున మూడు పనులు చేయండి. కార్డు మీద తేదీ రాయండి. తర్వాతి స్కానింగు ఎప్పుడో నోటితో చెప్పడమే కాకుండా రాసి ఇవ్వండి. రాకపోతే ఫోను చేయండి. ఫోను దొరకకపోతే ఆ ఊరి ఆశ కార్యకర్తకు చెప్పండి. కాన్పు గదిలో రక్తం, ఉమ్మనీరు తగలకుండా గ్లౌజులు, ఆప్రాన్ ప్రతి కేసుకూ వేసుకోండి. ఎవరికి ఏముందో ముందుగా తెలియదు.

గుర్తు చేసుకుందాం

ప్రశ్న: జికా జ్వరం తగ్గిన గర్భిణి రక్తంలో వైరస్ ఇంకా ఉండవచ్చా?
జవాబు: ఉండవచ్చు. కొందరిలో వారాలు, అరుదుగా మూడు నెలలు దాటి ఆనవాళ్ళు కనబడ్డాయి.

ప్రశ్న: ఎక్కడి నుండి అది మళ్ళీ రక్తంలోకి వస్తుందని అనుకుంటున్నారు?
జవాబు: మాయ నుండి, కడుపులోని బిడ్డ నుండి.

ప్రశ్న: ఒక స్కానింగు బాగుంటే చాలా?
జవాబు: చాలదు. మూడు నాలుగు వారాలకొకసారి చూడాలి.

ప్రశ్న: జికా సోకితే బిడ్డకు తప్పక లోపం వస్తుందా?
జవాబు: రాదు. ఎక్కువమంది పిల్లలు ఆ ఇబ్బందులు లేకుండా పుడతారు. కానీ ఎవరికి వస్తుందో ముందుగా తెలియదు గనుక అందరినీ గమనించాలి.

ప్రశ్న: కార్డు మీద ఏమి రాయాలి?
జవాబు: జ్వరం తేదీ, లక్షణాలు, పరీక్షలు, ప్రయాణాలు.

ముగింపు

లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియ కొండ ప్రాంతానికి వెళ్ళి గర్భవతియైన ఎలీసబెతును దర్శించిన సంగతి మనకందరికీ తెలుసు. పలకరించి, ఆనాడే తిరిగి రాలేదు. ఇంచుమించు మూడు నెలలు ఆమెతో ఉండిపోయింది. ఆ సువార్త రాసిన లూకా వైద్యుడు. ఎన్నాళ్ళు ఉన్నదో కూడా మరచిపోకుండా రాశాడు. గర్భిణికి తోడు ఒక్క రోజుతో తీరేది కాదని మాకు ఆ మాటలో అర్థమవుతుంది.

మీ ఇంట్లో, మీ వాడలో, మీ సంఘంలో ఈ వానాకాలం జ్వరం వచ్చి తగ్గిన గర్భిణి ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కసారి ఆమెను పలకరించండి. జ్వరం ఏ తేదీన వచ్చిందో అడిగి కార్డు మీద రాయించండి. స్కానింగుకు తోడుగా వెళ్ళండి. వచ్చేటప్పుడు వాళ్ళ హౌజు మీద మూత ఉందో లేదో చూసి రండి. తల్లులను, బిడ్డలను ప్రభువు కాపాడునుగాక.